ధ్రువపత్రంలో ‘నల్’ ఎందుకు అచ్చవుతోంది?

సంపాదకులు గారికి,

ఆన్‌లైన్ ధ్రువపత్రాల్లో తండ్రి పేరో ఇంటిపేరో ఉండవలసిన చోట ‘నల్’ (null, అంటే విలువేమీ లేదని చెప్పే కంప్యూటర్ మాట) అని అచ్చయి వస్తే, దాన్ని దరఖాస్తుదారుడి పొరపాటుగానో డేటా ఎంట్రీ ఆపరేటర్ అశ్రద్ధగానో చూడటం పరిపాటి అయింది. చాలా సందర్భాల్లో ఆ లోపం పేరు, చిరునామా వంటి వివరాలకు రూపమిచ్చే ప్రోగ్రాము భాగమైన డేటా మోడల్ లైబ్రరీలోనే పుడుతుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో నల్ విలువ పొడవెంతని అడిగితే ప్రోగ్రాము ఎక్సెప్షన్‌తో, అంటే లోపాన్ని చూపించి, ఆగిపోతుంది. అదే విలువను కూడిక గుర్తుతో మరో స్ట్రింగ్‌కు (అక్షరాల వరుసకు) కలిపితే మాత్రం ఆగకుండా ఆ నాలుగు ఇంగ్లిషు అక్షరాలనే అతికించి ముందుకు సాగుతుంది. ఆగిపోయిన ప్రోగ్రామును అభివృద్ధి బృందం ఆ రోజే గమనిస్తుంది గానీ, అతికిన అక్షరాలు పౌరుడి చేతికి చేరేదాకా బయటపడవు.

వివరం అసలు రాకపోవడం, ఖాళీ స్ట్రింగ్‌గా రావడం, స్పేసులు మాత్రమే రావడం మూడు వేర్వేరు స్థితులు కాబట్టి ఒక్కొక్కదానికి లైబ్రరీ ఏం చేయాలో ముందే నిర్ణయించి, యూనిట్ టెస్టులతో (ప్రోగ్రాములోని చిన్న భాగాలను విడివిడిగా చూసే పరీక్షలతో) ఆ నిర్ణయాన్ని బిగించాలి. జావా ప్రోగ్రాములను పరీక్షించే సాధనమైన జేయూనిట్‌లో, 2019లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి నల్‌నూ ఖాళీ స్ట్రింగ్‌నూ ఒకే అనొటేషన్‌తో (కోడ్‌పై పెట్టే గుర్తుతో) పరీక్షకు పంపే వీలుంది. స్పేసులను మాత్రం విడిగా చేర్చుకోవాలి. ఇంత సులువైన పనిని కూడా వదిలేసి, చక్కగా నింపిన పేర్లతోనే పరీక్షలు ముగించడం క్షమించరానిది.

డేటాబేస్ దగ్గర మరో చిక్కు ఉంది. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గానే చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ రెండింటినీ వేరుగా ఉంచుతుంది. అందువల్ల తప్పనిసరి గడుల్లో పైన చెప్పిన మూడు స్థితులనూ తిరస్కరించి, ఐచ్ఛిక గడుల్లో మూడింటినీ నల్‌గా మార్చడమే మేలని నా అభిప్రాయం. అలా మార్చేటప్పుడు ఆ నాలుగు అక్షరాలే నిజమైన విలువగా వచ్చే సందర్భాన్నీ పరీక్షించాలి. కాలిఫోర్నియాలో ఒకాయన ఆ అక్షరాలతోనే కారు నంబరు ప్లేటు తీసుకుంటే, నంబరు నమోదు కాని ఇతర వాహనాల జరిమానాలు వేల డాలర్ల మేర ఆయన మీద పడిన వైనం 2019లో వార్తలకెక్కింది.

సాఫ్ట్‌వేర్‌ను గుత్తేదారుల నుంచి స్వీకరించే ప్రభుత్వ శాఖలు, తుది బిల్లు చెల్లించే ముందు ఈ పరీక్షల ఫలితాలను అడిగి తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్,
హైదరాబాద్