ఏది బాగా చేశారో చెప్పి మెచ్చుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా డిసెంబర్ 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, మన హైదరాబాద్‌లో చాలాచోట్ల సభలు జరుగుతాయి. మేధో వైకల్యం ఉన్న పిల్లల్ని స్టేజీ ఎక్కిస్తారు. ఏం చేసినా చప్పట్లు కొడతారు, దిగాక అందరికీ చాక్లెట్లు పంచుతారు. పండగ రోజు కాబట్టి బాగానే ఉంటుంది. కానీ మిగతా ఏడాదంతా కూడా ఇంట్లో, స్కూల్లో, పనిచేసే చోట వాళ్లకు దక్కేది ఆ చప్పట్లే అయితే వాళ్లు కొత్తగా ఏదీ నేర్చుకోలేరు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను మల్కాజ్‌గిరిలో టైలరింగ్ షాపు నడుపుతాను. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే మేధో వైకల్యం తెచ్చే ఒక జన్యు పరిస్థితి పుట్టుకతోనే ఉంది. స్పెషల్ స్కూల్లో చదువు అయ్యాక నాతోపాటే షాపులో ఉంటున్నాడు. ఫాల్ వేసి పీకో చేసిన చీరలు మడతపెట్టి, కవర్లో పెట్టి, కస్టమర్‌కి ఇవ్వడం వాడి పని.

ఇది నేర్పే పద్ధతి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ చూపించారు. చీర మడతంటే మనకు ఒకటే పని. విడదీసి చూస్తే టేబుల్ మీద పరవాలి, అంచుకి అంచు కలపాలి, ముడతలు పోయేలా అరచేత్తో నిమరాలి, మధ్యకి మడవాలి, మళ్లీ మడవాలి, కవర్లో పెట్టాలి, బిల్లు నంబరు చూసి అతికించాలి. మేడమ్ చివరి నుంచి మొదలుపెట్టమన్నారు. ముందు అంతా నేనే చేసి, బిల్లు అతికించడం ఒక్కటి వాడికి వదిలాను. అది వచ్చాక కవర్లో పెట్టడం కూడా వాడిదే. తర్వాత చివరి మడత. అలా వెనక్కి వెళ్లాం. దీనివల్ల మొదటి రోజు నుంచీ పని పూర్తి చేసేది వాడే, కవరు కస్టమర్ చేతికి ఇచ్చేదీ వాడే. మొదటి మెట్టు నుంచి నేర్పితే నాలుగు మెట్లు చేసి ఆగిపోతాడు, మిగతాది వేరేవాళ్లు పూర్తి చేస్తుంటే చూస్తూ కూర్చుంటాడు.

సాయం కూడా మెట్టుమెట్టుగా తగ్గించాలి. మొదట వాడి చేతి మీద నా చేయి ఉండేది. తర్వాత మోచేతి దగ్గర చిన్నగా తాకితే చాలింది. ఆపైన అంచు వైపు వేలు చూపించడం. చివరికి ఏమీ చేయకుండా ఆగడం. అన్నిటికంటే కష్టం ఇదే. మాట అర్థమై చేయి కదలడానికి వాడికి మనకంటే ఎక్కువ టైమ్ పడుతుంది. ఆలోపే "ఇటివ్వు, నేను పెడతా" అని లాక్కునేవాళ్లే ఎక్కువ.

ఇక మెచ్చుకోవడం. చీర కవర్లోకి వెళ్లిపోయి, వాడు రోడ్డు మీద ఆటోని చూస్తున్నప్పుడు "గుడ్ బాయ్" అంటే అది ఆటోని చూసినందుకే అనుకుంటాడు. రెండు అంచులూ కలిసిన ఆ క్షణంలోనే "అంచులు సమంగా కలిపావు" అనాలి. మళ్లీ ఏం చేయాలో ఆ మాటలోనే ఉంది. మూల పక్కకి పోతే "తప్పు" అని అరవడం ఎందుకు? ఆ మూల మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. సరిచేసుకున్నాక ఆ సరిచేసినందుకు మెచ్చుకోవాలి. కొత్తలో ప్రతిసారీ చెప్పాలి. పని అలవాటయ్యాక అప్పుడప్పుడు చెప్పినా నిలుస్తుంది. కొందరు కస్టమర్లు మడత వంకరగా ఉన్నా "సూపర్ నాన్నా" అంటారు. ప్రేమతోనే అంటారు. దాంతో ఆ వంకర మడతే సరైనదని వాడు అనుకుంటాడు.

బహుమతి అనగానే చాక్లెట్, బిస్కెట్ పెడతారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య, బరువు పెరగడం మామూలుకంటే ఎక్కువ. అయినా ఎవరికి ఏది ఇష్టమో చూడకుండా అందరికీ ఒకటే పెడితే అది బహుమతి ఎలా అవుతుంది? మా వాడికి ఇష్టమైంది స్టాంపు. చీర ఇచ్చేశాక బిల్లు మీద 'డెలివరీ అయింది' అని కొట్టే రబ్బరు స్టాంపు. ప్యాడ్ మీద రెండుసార్లు అద్ది, బిల్లు మీద పెట్టి, బరువంతా వేసి నొక్కుతాడు. ఎత్తి చూసుకుని, అక్షరాలు బాగా పడితే నావైపు తిప్పి చూపిస్తాడు. చీర సరిగ్గా ఇచ్చినప్పుడే స్టాంపు. ఇంకొకటి, వీళ్లు పెద్దవాళ్లయ్యాక కూడా చేతి మీద స్టార్ స్టిక్కర్లు అతికించడం మానాలి. పని చేసే మనిషికి జీతం ఇవ్వాలి, వాళ్ల చేతికే ఇవ్వాలి.

పని చేసిన వెంటనే వచ్చే ఫలితమే ఆ పనిని మళ్లీ చేయిస్తుందని స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1930లలోనే ప్రయోగాలతో చూపించారు. ఈ సూత్రానికి మంచి పని, చెడ్డ పని అనే తేడా లేదు. మా చుట్టాలు వస్తే వాడు ఫోన్ కోసం అరుస్తాడు. మొదట వద్దంటారు. అరుపు పెరిగితే "పోనీలే అమ్మా, ఎందుకు ఏడిపిస్తావు, ఇచ్చెయ్" అంటారు. గట్టిగా అరిస్తేనే ఫోన్ వస్తుందని అక్కడ పాఠం చెప్పినట్టయింది. అరుపుకి ఇవ్వడం మానేస్తే మొదట్లో అరుపు ఇంకా పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి లొంగిపోతారు. ఇవ్వకపోవడం ఒక్కటే చాలదు, అడిగే పద్ధతి కూడా నేర్పాలి. మా షాపులో ఫోన్ బొమ్మ ఉన్న కార్డు పెట్టాం. కార్డు చేతికిస్తే వెంటనే, మాట తప్పకుండా, కాసేపు ఫోన్. ఇప్పుడు షాపులో అరుపుతో వాడికి పనిలేదు. తనని తాను కొట్టుకునే పిల్లల విషయంలో మాత్రం ఎవరూ సొంతంగా ప్రయోగాలు చేయొద్దు, నిపుణుల దగ్గరికి వెళ్లాలి.

ఇవి రహస్యాలేం కావు. స్పెషల్ టీచర్లను తయారుచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఒకప్పటి ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రతి దివ్యాంగ విద్యార్థి ప్రగతినీ గమనిస్తూ ఉండాలని విద్యాసంస్థలకు చెప్పింది. అయినా తమ్ముడు చదివిన స్కూలు డైరీలో ఏళ్లతరబడి మేం చూసింది రెండే మాటలు, 'గుడ్' లేదా 'అల్లరి చేశాడు'. ఏ పని, ఏ మెట్టు దాకా, ఎంత సాయంతో చేశాడో రాస్తే ఇంట్లో సాయంత్రం అక్కడి నుంచే అందుకునేవాళ్లం.

స్పెషల్ స్కూళ్లు, దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు డైరీలో ఆ మూడు విషయాలూ రాయాలని విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తల్లిదండ్రులకు పెట్టే శిక్షణ ఆదివారాల్లో పెట్టాలి. కూలికి, షాపుకి వెళ్లేవాళ్లు మంగళవారం పదకొండు గంటలకి రాలేరు. అమ్మనాన్నలతోపాటు అక్కాతమ్ముళ్లనీ, ఇంట్లో ఉండే నానమ్మ తాతయ్యల్నీ పిలవాలి, ఎందుకంటే పిల్లాడు రోజంతా గడిపేది వాళ్లతోనే. మీరు కూడా ఈసారి డిసెంబర్ 3న స్టేజీ ఫొటోతోపాటు, పనిచేసే చోట వీళ్లకు పని ఎలా నేర్పుతున్నారో చూపించే ఒక కథనం వేయండి.

ఇట్లు
ఒక అక్క, టైలర్
మల్కాజ్‌గిరి, హైదరాబాద్