కెగెల్స్ చెయ్యమని ఒక్క లైన్ వేసి వదిలెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ హెల్త్ పేజీలో దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అయ్యే ఆడవాళ్ళు రోజూ కెగెల్స్, అంటే మూత్రాన్ని ఆపే కింది కండరాల్ని బిగించి వదిలే ఎక్సర్‌సైజ్, చేస్తే తగ్గిపోతుందని ఒక చిన్న ముక్క వేశారు, అంతే, ఎలా చెయ్యాలో లేదు, ఎవరు చెయ్యకూడదో లేదు. తప్పు రాశారని అనట్లేదు, సగమే రాశారు, ఆ సగం కొంతమందికి ఉన్న బాధ పెంచుతుంది కూడా. మిగతా సగం నేను రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, ఏమీ అనుకోవద్దు.

మేముండేది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో, తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. ఈ విషయం ఎవరూ నోరు తెరిచి చెప్పరు కానీ చూస్తే తెలిసిపోతుంది, జుంబాలో జంపింగ్ మొదలవగానే కొందరు మెల్లగా వెనక్కి వెళ్ళి నిలబడతారు, ఊరికి నైట్ బస్సు ఉందంటే మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తారు, సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్ జామ్ భయంతో గడప దాటేముందు రెండుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్తారు. పెద్దవాళ్ళనడిగితే పిల్లల్ని కన్నాక ఇదంతా మామూలేనమ్మా అంటారు. చాలామందికి ఉంటుంది నిజమే, కానీ అందరికీ ఉంది కాబట్టి భరించాలని రూలేం లేదు కదండీ.

పెల్విక్ ఫ్లోర్ అంటే ముందు వైపు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఉండే కండరాలు, మూత్రాశయం, గర్భసంచి, మలద్వారం పైన ఉండే భాగం అన్నీ వాటి మీదే ఆధారపడి ఉంటాయి. నులక మంచం అనుకోండి, నులక వదులైతే మంచం కుంగుతుంది, మరీ బిగిస్తే పట్టెలు లాగేస్తాయి. మన పేపర్లన్నీ వదులైన మంచం గురించే రాస్తాయి, బిగుసుకుపోయిన మంచం సంగతి ఎవరూ ఎత్తరు.

మా తోడికోడలిది ఆ రెండో రకం. కలయికలో నొప్పి, మోషన్ సరిగ్గా రాదు, మాటిమాటికీ యూరిన్‌కి వెళ్ళాలనిపించడం. ఎవరో డాక్టరు కెగెల్స్ చెయ్యమని ఒక్క మాట చెప్పి పంపేశారు, తను యూట్యూబ్ చూసి శ్రద్ధగా చేసింది, నొప్పి ఇంకా పెరిగింది. తర్వాత ఈ కండరాల సంగతి చూసే పెల్విక్ ఫిజియోథెరపిస్ట్ (ఫిజియో) చూసి ముందు ఆ బిగించడం ఆపెయ్యమంది, పొట్ట నిండా ఊపిరి పీల్చి కింద కండరాన్ని వదలడం నేర్పింది, వెస్ట్రన్ కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న స్టూల్ వేసుకోమంది. ఎక్సర్‌సైజ్ అంటే బిగించడమే అనుకునేవాళ్ళకి ఇది తలకెక్కదు.

నేను ఫిజియో దగ్గరికి వెళ్ళింది లీక్ కోసమే. ఫస్ట్ డే ఎక్కువ మాటలే, కాన్పులెన్ని, నార్మలా సిజేరియనా, కుట్లు పడ్డాయా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మలబద్ధకం ఉందా, కాఫీ ఎన్ని. సిజేరియన్ అయినవాళ్ళు మాకేం కాదులే అనుకుంటారు కానీ తొమ్మిది నెలల బరువు ఆ కండరాలు మోసినవే కదా. మోషన్ గురించి అంత వివరంగా నన్ను జన్మలో ఎవరూ అడగలేదు, ఆ అమ్మాయేమో కూరగాయల రేటు అడిగినంత మామూలుగా అడుగుతోంది. తర్వాత 3 రోజులు డైరీ రాయమంది, ఎంత తాగాం, కొలిచే కప్పులో పట్టి ఎంత పోశాం అని. అప్పుడు తెలిసింది, మామూలుగా 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టే మూత్రాశయాన్ని ఎందుకైనా మంచిదని వందకే ఖాళీ చేస్తూ పోతే అది కొంచెం నిండగానే గోల చెయ్యడం అలవాటు చేసుకుంటుందట.

ఇక అందరూ భయపడే లోపలి పరీక్ష. తలుపు గడి పెట్టి, కర్టెన్ వేసి, మీద దుప్పటి కప్పి, ముందు ప్లాస్టిక్ బొమ్మ మీద ఏం చేస్తుందో చూపించి, సరేనా అని అడిగి, ఒప్పుకుంటేనే గ్లవ్స్ వేసుకుని జెల్ రాసిన వేలితో చూస్తుంది. వద్దంటే వద్దు, మధ్యలో ఆపమంటే ఆపాలి, తోడుగా ఎవరినైనా ఉంచుకోవచ్చు, అసలు వద్దనుకుంటే బయట నుంచి చూసే పద్ధతులూ ఉన్నాయి. పెళ్ళికానివాళ్ళు కూడా ఇదే భయంతో ఆగిపోతున్నారు కాబట్టి ఈ ముక్క దయచేసి పెద్ద అక్షరాల్లో వెయ్యండి. కండరం ఎంత గట్టిగా బిగుస్తోందో 0 నుంచి 5 దాకా మార్కులేస్తారు. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగండి అంది, నేను లాగేశాననుకున్నా, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, మేడం మీరు పొట్ట, తొడలు, పిరుదులు అన్నీ బిగించి ఊపిరి కూడా ఆపేశారు, అసలుది మాత్రం కదల్లేదు అంది. పేపర్ చదివి ఇంట్లో చేసేవాళ్ళలో ఎంతమంది ఇలాగే చేస్తున్నారో.

అసలు ఆ కెగెల్ ఎవరనుకున్నారు, ఆర్నాల్డ్ కెగెల్ అని అమెరికా గైనకాలజిస్ట్, 1948లో దీని మీద పేపర్ రాశాడు. ఆయన కూడా ఊరికే బిగించండి అని ఇంటికి పంపలేదు, బలం కొలవడానికి పెరినియోమీటర్ అని ఒకటి తయారుచేసి, ముల్లు కదులుతుంటే పేషెంట్ కళ్ళారా చూసుకునేట్టు చేశాడు. పేరు మాత్రం మిగిలి ఆ చూసుకోవడం పోయింది. ఇప్పుడు బయోఫీడ్‌బ్యాక్ అంటున్నది దాదాపు అదే.

టైమ్ పడుతుందని కూడా రాయండి. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చెయ్యాలో చెప్పే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్స్‌లో దగ్గితే లీకయ్యే రకానికి కనీసం 3 నెలలు ఫిజియో పర్యవేక్షణలో, రోజుకి 3 పూటలు, పూటకి కనీసం 8 సార్లు అని ఉంది. వారంలో తగ్గలేదని మానేసేవాళ్ళే ఎక్కువ. యూరిన్ పోస్తూ పోస్తూ మధ్యలో ఆపడం ప్రాక్టీస్ కాదు, అది అలవాటు చేసుకోవద్దు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది చిన్న కిటుకు, తుమ్ము వచ్చే ముందో, 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తే ముందో ఒక్క క్షణం ఆ కండరాన్ని బిగించడం.

ఫస్ట్ డేనే మిషన్ పెడతాం, ప్యాకేజీ తీసుకోండి అంటే కంగారుపడి కట్టెయ్యకండి. కరెంట్ పెట్టే మిషన్ కండరాన్ని సొంతంగా కదిలించలేనివాళ్ళకి ఉపయోగపడొచ్చు, అందరికీ అక్కర్లేదు. యూరిన్‌లో రక్తం, మంట, జ్వరం ఉన్నా, ఏదో కిందికి జారినట్టున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. కాళ్ళ మధ్య ఉన్నట్టుండి తిమ్మిరెక్కి యూరిన్ మీద అదుపు పోతే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

ఇంకో మాట, దీన్ని మహిళల పేజీకే అంటించకండి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్ళకి కూడా ఇవే కండరాలు, ఇదే ట్రైనింగ్, మా కింద ఫ్లోర్ అంకుల్ ప్యాంటు తడుస్తుందని వాకింగే మానేశారు, ఆయన మీ పేపర్ స్పోర్ట్స్ పేజీ తప్ప తిప్పరు. తెలుగొచ్చిన పెల్విక్ ఫిజియో ఒకరితో మాట్లాడి అరపేజీ వెయ్యండి, ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలో కూడా అందులో ఉండాలి, ఫిజియోలో డిగ్రీతో పాటు పెల్విక్ హెల్త్‌లో ట్రైనింగ్ ఉందా, చూసేది ఆడవాళ్ళేనా, వేరే గది ఉందా, సిట్టింగ్‌కి ఎంత, పీరియడ్స్‌లో ఉంటే రావచ్చా అని. చివరిదానికి జవాబు రావచ్చనే, లోపలి పరీక్ష ఇంకో రోజుకి పెట్టుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు