మంత్రి గారూ, సైలెన్సర్ మెరుపు చూసి కారును ఫెయిల్ చేయకండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను స్పోర్ట్స్ కారు నడుపుతాను. దానికి కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి, బయట తయారైనది బిగించుకున్నాను. ఇలాంటివాడు మీకు లేఖ రాశాడంటే కాలుష్య పరీక్ష ఎత్తేయమంటాడనే ఎవరైనా అనుకుంటారు. పరీక్షను ఇంకా గట్టిగా చేయించమని అడగడానికే రాస్తున్నాను. చూడాల్సిన చోట చూసి చేయమంటున్నాను, అంతే.

పరీక్ష చేసే ఆయన నా కారు వెనక్కి వచ్చి వంగి చూశాడు. రెండు లావుపాటి స్టీలు గొట్టాలు తళతళలాడుతూ కనిపించాయి. మిషన్ ఆన్ చేయకుండానే "మాడిఫై చేసిన బండి, పాస్ కాదు" అనేశాడు. ఏం మార్చారు, ఎక్కడ మార్చారు అని ఒక్క ముక్క అడగలేదు. పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు (క్యాట్), దాని ముందూ వెనకా ఉండి పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్లు ఫ్యాక్టరీలో బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నేను మార్చింది క్యాట్ తర్వాత వచ్చే పైపు, సైలెన్సరు. కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు శుభ్రపడే పని అంతకుముందే క్యాట్‌లో అయిపోతుంది. ఆ తర్వాత పైపు లావు మారితే మారేది మోత. మోత ఎక్కువైతే డెసిబెల్ మీటరు పెట్టి కొలవండి, హద్దు దాటితే జరిమానా వేయండి, నోరెత్తను. మోత చేసిన తప్పుకు పొగ కాగితం ఆపడం ఏం న్యాయం?

అసలు దొంగ మాత్రం ఇలాంటి తనిఖీని దర్జాగా దాటేస్తాడు. క్యాట్ డబ్బా కోసి, లోపల ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉన్న తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మను పగలగొట్టి తీసేసి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేయిస్తాడు. వెనక సైలెన్సర్ కంపెనీదే ఉంచుతాడు. వంగి చూస్తే సుబ్బరంగా కనిపిస్తుంది. వెల్డింగు గీత కంటపడాలంటే కారును లిఫ్టు ఎక్కించాలి, ఎవరు ఎక్కిస్తారు?

గొట్టంలో ప్రోబ్ (పొగను కొలిచే కడ్డీ) పెడితే దొరకడా అంటారేమో. కచ్చితంగా దొరుకుతాడని చెప్పలేం. ఐడిల్‌లోనూ, 2500 ఆర్‌పీఎం దగ్గరా చేసే పరీక్షలో చూసేది కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు), లామ్డా (గాలి, పెట్రోలు పాళ్లు ఎలా ఉన్నాయో చెప్పే అంకె). నైట్రోజన్ ఆక్సైడ్లను అందులో కొలవరు. అవి ఇంజిన్ మీద లోడు పడి, లోపల మంట వేడి పెరిగినప్పుడు ఎక్కువగా పుడతాయి. నిలబెట్టిన కారులో వాటి సంగతి బయటపడదు. ఈసీయూను, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను ట్యూన్ చేసి పెట్రోలు కాస్త తగ్గిస్తే మిగతా అంకెలూ దిగివస్తాయి.

అతన్ని పట్టించే సాక్షి కారులోనే ఉంది. అమెరికాలో 1996 నుంచీ, యూరప్‌లో 2001 నుంచీ కొత్త పెట్రోలు కార్లకు ఓబీడీ (కారు తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు) తప్పనిసరి. క్యాట్ ముందున్న సెన్సర్ రీడింగు నిరంతరం పైకీ కిందికీ ఊగుతుంది. క్యాట్ ఆక్సిజన్‌ను నిల్వ చేసుకుంటూ వదులుతూ ఉంటుంది కాబట్టి, అది బాగుంటే వెనక సెన్సర్ దాదాపు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలా ఊగడం మొదలైతే ఈసీయూ, క్యాట్ సరిగా పనిచేయడం లేదనే పీ0420 కోడ్ వేసి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. దొంగకూ ఇది తెలుసు, పరీక్షకు వచ్చే ముందు కోడ్ చెరిపేస్తాడు. అలా చెరిపినప్పుడు రెడీనెస్ మానిటర్లు (కారు తన స్వయం పరీక్షలు పూర్తిచేసిందో లేదో చూపే గుర్తులు) కూడా మొదటికి వస్తాయి. చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి, కొంతసేపు ఆగుతూ సాగుతూ, కొంతసేపు ఒకే వేగంతో నడిపితే గానీ అవి మళ్లీ పూర్తికావు. డ్యాష్‌బోర్డులో లైటు లేదు కదా అని వదిలేస్తే వాడు గెలిచినట్టే. ఈసీయూలో ఉన్నది చదివే స్కానర్ తగిలించి రెడీనెస్ చూస్తే అక్కడికక్కడే ఆట కట్టు. బ్యాటరీ మార్చినా మానిటర్లు ఇలాగే ఖాళీ అవుతాయి కాబట్టి, అలాంటి కారును ఫెయిల్ అనకుండా నడిపి తీసుకురమ్మనాలి. సెన్సర్ కింద స్పేసర్ పెట్టి వెనక్కి జరిపేవాళ్లు, ఆ కోడే రాకుండా సాఫ్ట్‌వేర్‌లో నొక్కేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం కళ్లు, స్కానర్ రెండూ పనిచేయాలి.

హెడర్లు (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు), పొగను సులువుగా వదిలే హై ఫ్లో క్యాట్ల సంగతి వేరు. ఇవి నిజంగానే పొగను మార్చగలవు, ఇక్కడ మీవాళ్లు అనుమానపడితే తప్పులేదు. కంపెనీ క్యాట్లలో చదరపు అంగుళానికి 400 లేదా అంతకన్నా ఎక్కువ గదులుంటే, రేసింగ్ పేరుతో అమ్మేవాటిలో సాధారణంగా 200 ఉంటాయి, పొగ శుభ్రపడే చోటు తగ్గుతుంది. పొడవాటి హెడర్లు వేస్తే క్యాట్ ఇంజిన్‌కు దూరం జరుగుతుంది, వేడెక్కడం ఆలస్యమవుతుంది. సుమారు 300 డిగ్రీలకు చేరేదాకా క్యాట్ పని అందుకోదు. క్యూలో ఇంజిన్ ఆపి గంటసేపు నిలబెట్టిన కారుకు, స్టార్ట్ చేయగానే ప్రోబ్ పెడితే మంచి క్యాట్ కూడా తప్పుతుంది. హెడర్ గ్యాస్కెట్ దగ్గర సన్నటి లీకు ఉన్నా అంతే. బయటి గాలి లోపలికి పోయి, ఇంధనం తక్కువైందని ముందు సెన్సర్ పొరబడుతుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, కార్బన్ మోనాక్సైడు ఎగబాకుతుంది. లీకు వెనక పైపులో ఉంటే, గాలి ఎక్కువైనట్టు లామ్డా 1.03 దాటి చూపిస్తుంది. కారు యజమాని చేతికి వచ్చే కాగితం మీద మాత్రం "ఫెయిల్" అన్న ఒక్క ముక్కే. గ్యాస్కెట్‌తో పోయేదానికి క్యాట్ మార్చుకుంటున్నాడు పాపం.

ఏ పార్టు మంచిదో తేల్చడం పరీక్ష కేంద్రంలో కూర్చున్న మనిషి పని కాదు, ఆ భారం అతని మీద వేయకూడదు. కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం సంగతి చూసే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పార్టును ముందే పరిశీలించి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ఆమోదం) నంబరు ఇస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఆ నంబరు సరిచూసుకుంటే చాలు. ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో మార్పిడి క్యాట్లకు 103వది, మార్పిడి సైలెన్సర్లకు 59వది ఉన్నాయి. ఆమోదం పొందిన పార్టు మీద గుండ్రని గీతలో "E" అక్షరం, పక్కన ఆమోదం నంబరు ఉంటాయి. నంబరు లేని క్యాట్ వేసుకొచ్చినవాణ్ని వెనక్కి పంపండి, నా తరఫున అభ్యంతరం లేదు. ఉన్నవాణ్ని వంకలు పెట్టకుండా పరీక్షించండి.

క్యాట్ వెనక మార్పులను పొగ పరీక్షలో తిరస్కరించవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ప్రోబ్‌తో పాటు స్కానర్ తప్పనిసరి చేయండి. ప్రోబ్ పెట్టే ముందు ఇంజిన్ ఆయిల్ వేడి చూసి, 2500 దగ్గర కొద్ది నిమిషాలు నడపమనండి. ఫెయిలైన కాగితం మీద అన్ని అంకెలూ, కోడ్‌లూ అచ్చువేయించండి. మీ అధికారులకు ఇవన్నీ ఒక కారు మీద చూపించాలనుకుంటే నాది తీసుకొస్తాను. లిఫ్టు ఎక్కించి కింద నుంచి కూడా చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ పరీక్షకు ఎప్పుడైనా సిద్ధంగా ఉన్న
ఒక స్పోర్ట్స్ కారు యజమాని