గంటలు తగ్గిస్తే గుంపు తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

మళ్లీ మహమ్మారి వస్తే ఏం చేయాలో అధికారులు సమీక్షించిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. రైతుబజార్లు, కిరాణా కొట్లు పొద్దున మూడు గంటలే తెరవాలట. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు చూసిన కర్నూలులో ఇంకా ఇదే మాటా?

పలక మీద వేయగలిగిన లెక్క ఇది. సి.క్యాంప్ రైతుబజారుకు రోజూ 1200 మంది వస్తారనుకుందాం, మనిషి అరగంట ఉంటాడు. 12 గంటలు తెరిచి, జనం సమంగా వస్తే లోపల ఎప్పుడు చూసినా 50 మంది. మూడు గంటలే తెరిస్తే 200 మంది. ఒక్కొక్కరికి తగిలేవాళ్లు నాలుగింతలు. ఊరికే తిరిగేవాళ్లు తగ్గుతారు, కాదనను. ఎర్రగడ్డలు, టమోటాలు కొనేవాళ్లు ఎందుకు తగ్గుతారు? 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12కే కర్ఫ్యూ అన్నప్పుడు 11 గంటల తోపులాట ఊరంతా చూసిందే.

ఒక రోగి సగటున ఎందరికి అంటిస్తాడన్నదే అసలు అంకె. అది 2.5 అయితే, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూ పోయి పదో విడతకు ఆ ఒక్కడి నుంచి 9,500 మందికి పైగా. 1.5కు దించితే 58 మంది. ఒకటి కిందికి దించితేనే వ్యాధి వెనకడుగు వేస్తుంది. అందుకు ఏ ఒక్క చర్యా చాలదు. మాస్కులతో 30 శాతం, బజారును గాలాడే మైదానానికి మార్చి 30 శాతం, వార్డుల వారీ టోకెన్లతో 20 శాతం తగ్గిందనుకోండి. 0.7ను 0.7తో, దాన్ని 0.8తో గుణిస్తే 0.39. అప్పుడు 2.5 కాస్తా 0.98 అవుతుంది. టోకెన్లు ఒక్కటి ఎత్తేయండి, 1.2 దాటి మళ్లీ పెరుగుతుంది. సడలింపు ఇచ్చేముందు ఈ గుణకారం ఎవరైనా చేస్తున్నారా?

పరీక్షలదీ ఇదే గోడు. కోవిడ్‌లో లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఫలితం ఐదు రోజులకు చేతికొస్తే అంతలోపే జరగాల్సింది జరిగిపోతుంది. లెక్కకు కావలసింది లక్షణాలు మొదలైన తేదీ, వార్డు నంబరు. అప్పటి కోవిడ్ బులెటిన్లలో వచ్చింది ఫలితం వచ్చిన తేదీ, జిల్లా మొత్తానికి ఒక అంకె. ల్యాబులో పేరుకుపోయిన నమూనాలు తేల్చిన రోజు కేసులు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించేవి, ఊరు బెదిరిపోయేది. డెంగీకీ ఏటా వానాకాలంలో ఇదే తంతు. ఏ వీధిలో ఎప్పుడు జ్వరం మొదలైందో రాసుకోకుండా ఊరంతా పొగ కొట్టి చేతులు దులుపుకుంటారు. నిల్వ నీళ్లున్న డ్రమ్ము మాత్రం మిద్దె మీద అట్లే ఉంటుంది.

కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లో అంటువ్యాధుల సమీకరణాలు రాసి, వాటిని సరిచూసుకున్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతోనే. మన దేశపు చావుల మీద నిలబడిన శాస్త్రం మన సమీక్షా సమావేశాల గడప తొక్కకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

ఆ మూడు గంటల నిర్ణయం ఖరారు చేసేలోపు రాయలసీమ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవాళ్లను ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టుకోండి. ఒక ఆదివారం బజారు గేటు దగ్గర మనిషిని పెట్టి, లోపలికి ఎందరు పోతున్నారో, బయటికి ఎందరు వస్తున్నారో పావుగంటకోసారి రాయిస్తే వాళ్లకు కావలసిన అంకెలు సగం అక్కడే దొరుకుతాయి.

— విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు