లీటర్ బండి కొనబోయే ముందు

కావలి,
ఆదివారం.

చి. చిట్టికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మళ్ళీ గుడికి నడిచి వెళ్తోంది.

మొన్న ఫోన్లో నువ్వు బండి సంగతి ఎత్తినప్పుడు షెడ్డు నిండా జనం ఉన్నారు, మాట సాగలేదు. అదీగాక నోటితో చెప్తే నువ్వు మధ్యలోనే "సరేలే నాన్నా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే ఆ వీలుండదు.

నువ్వు అడిగింది కవాసకి వాళ్ళ కొత్త నింజా 650 తీసుకోవాలా, కాస్త అటూఇటూగా అదే డబ్బుకి బెంగుళూరులో దొరుకుతున్న 2018 మోడల్ జెడ్‌ఎక్స్-10ఆర్, అంటే వెయ్యి సీసీ లీటర్ బండి, తీసుకోవాలా అని. మీ అమ్మ సమాధానం ముందే చెప్పేస్తున్నా: కారు. ఆ పంచాయితీ మీరిద్దరూ తేల్చుకోండి, నేను బండ్ల వరకే రాస్తాను.

షెడ్డుకొచ్చే వాళ్ళని అడిగితే "ఆడపిల్ల, లీటర్ బండి బరువు ఆపలేదు" అన్నారు. అది పట్టించుకోకు. 650 బరువు 196 కిలోలు, లీటర్ బండి 206, 207 దగ్గర ఉంటుంది. ఆ పది కిలోలంటే పెట్రోల్ ట్యాంకు నిండా ఉన్నప్పటికీ, ఖాళీగా ఉన్నప్పటికీ ఉండే తేడా అంతే. 650ని స్టాండ్ మీద నుంచి తీయగలిగినవాళ్ళు దాన్నీ తీస్తారు. ఎత్తు మాత్రం చూసుకో. ఇప్పుడు నువ్వు నడిపే ఆర్15 సీటు 815 మిల్లీమీటర్లు, ఆ జెడ్‌ఎక్స్-10ఆర్‌ది 835, 650ది 790. సిగ్నల్ దగ్గర కాలి మునివేళ్ళ మీద నిలబడే తిప్పలు 650తో ఉండవు.

ఇంకోటి కూడా నిజమే చెప్పాలి. బ్రేకులు, ఫోర్కులు, సెన్సర్లు చూస్తే లీటర్ బండే మేలు. వంపులో బండి ఎంత వాలిందో లెక్కగట్టి ఏబీఎస్‌నీ (బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్‌నీ (వెనక చక్రం ఊరికే తిరగకుండా ఆపేది) సర్దే ఏర్పాటు దానికి ఉంది. తయారుచేసిన వాళ్ళ పనితనానికి నాకు ముచ్చటేస్తుంది. అయితే ఆ సస్పెన్షన్ రేస్ ట్రాక్ కోసం బిగించింది. మన ఊళ్ళలో ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద దాని మహిమ నీ నడుముకి తెలుస్తుంది.

అసలు చిక్కు పవర్. నీ ఆర్15 ఇచ్చేది 18 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే), లీటర్ బండి రెండు వందలకి అటూఇటూ. ఫస్ట్ గేర్లోనే నూట ఇరవై దాటిపోతుంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల హైవే మీద మోటార్ సైకిల్‌కి గరిష్ఠ వేగం 80. రూల్ ప్రకారం నడిపితే చెన్నై నుంచి కావలి దాకా సెకండ్ గేరు పని లేకుండానే వచ్చేయొచ్చు. సోమశిల గేట్లన్నీ ఎత్తి ఆ నీళ్ళని మన పిల్లకాలవలోకి వదిలినట్టు ఉంటుంది వ్యవహారం. తక్కువ పవర్ మోడ్ ఉంది కదా అంటావు. ఉంది. దాన్ని మార్చే బటన్ కూడా నీ బొటనవేలి కిందే ఉంటుంది.

రోడ్డు గురించి నీకు నేను చెప్పేదేముందిలే అనుకుంటావు, కానీ నువ్వు ఎక్కువగా బస్సులో నిద్రపోతూ వచ్చినదానివి. తడ దాటినప్పటి నుంచీ డివైడర్ తెగిన ప్రతి చోటా ఒక ట్రాక్టరో, ఆటోనో అడ్డం తిరుగుతుంది. వెంకటాచలం దగ్గర కృష్ణపట్నం పోర్టు లారీలు కలుస్తాయి, వాటి వెనక దుమ్ములో రోడ్డు సగమే కనిపిస్తుంది. పెన్నా వంతెన దాటాక కోవూరు, కొడవలూరు వైపు కోతల కాలంలో సర్వీస్ రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. గేదెలకి లైన్లు తెలియవు. రాంగ్ రూట్లో లైటు లేకుండా వచ్చే మోపెడ్ ఎలాగూ ఉంటుంది. వీటన్నిటికన్నా నేను భయపడేది రొయ్యల బళ్ళకి. ఐసు కరిగి కారిన నీళ్ళు రోడ్డు మీద చారగా పడతాయి. కారుకి అది లెక్కే కాదు. వంపులో వాలి ఉన్న బండికి మాత్రం ముందు చక్రం జారిపోవడానికి ఆ చార చాలు. ఒంగోలు అత్త దగ్గరికి పోయి, అటునుంచి చీమకుర్తి వైపు తిరిగావంటే గ్రానైట్ లారీల నుంచి రాలిన రాతిపొడి, చిన్న ముక్కలు. అక్కడ ఎంత సీసీ ఉన్నా నలభైలోనే పోవాలి.

లెక్క కూడా వేసి చూడు. ఎండిన రోడ్డు మీద మంచి బ్రేకులతో 80లో ఉన్న బండి నిలబడటానికి ముప్పై మీటర్లు పడుతుంది. 140లో అయితే అదే బండికి అంతకి మూడు రెట్లు, తొంభై మీటర్ల పైన. అదీ బ్రేకు మీద వేలు పడ్డాక. నువ్వు గేదెని చూసి బ్రేకు పట్టేలోపు ఒక్క సెకను పోతే, ఆ సెకనులోనే దాదాపు నలభై మీటర్లు వెళ్ళిపోయి ఉంటావు. లీటర్ బండి మీద 140 అనేది వేగంలా అనిపించదు, మెత్తగా పోతూ ఉంటుంది. 650 మీద గాలీ, ఇంజను చప్పుడూ కలిసి నీకు ముందే చెప్తాయి.

ఇక సీసీ నంబరు చూసి బండి స్వభావం అనుకోవడం ఒకటి ఉంది, నువ్వూ అదే చేస్తున్నావు. కవాసకిలోనే 649 సీసీ నింజా ఉంది, 636 సీసీ జెడ్‌ఎక్స్-6ఆర్ ఉంది. కాగితం మీద చూస్తే రెండూ మిడ్ సైజే. మొదటిది రెండు సిలిండర్లు, 68 పీఎస్. రెండోది నాలుగు సిలిండర్లు, 120 పైమాటే. టార్క్, అంటే ఇంజను లాగే బలం దగ్గర మాత్రం రెండూ పక్కపక్కనే, అరవై నుంచి డెబ్భై న్యూటన్ మీటర్ల మధ్య. కానీ మొదటిది దాన్ని 6,700 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది, రెండోదాన్ని 10,800 దాకా రేజ్ చేయాలి. మనం రోజూ తిరిగేది మూడు వేల నుంచి ఏడు వేల మధ్య. లారీని దాటాలంటే పికప్ అక్కడ కావాలి. పైన దాచుకున్న పవర్ ట్రాక్‌లో పనికొస్తుంది, మనకి టాప్ గేర్ నుంచి రెండు గేర్లు దించే పని పెడుతుంది. అందుకే మిడ్ సైజ్ అని ఎవరైనా అంటే, ఎన్ని సిలిండర్లు, టార్క్ ఎక్కడొస్తుంది అని అడుగు.

మన దేశంలో వంద సీసీ స్ప్లెండర్‌కీ, వెయ్యి సీసీ బండికీ లైసెన్సు ఒకటే. పద్దెనిమిది నిండితే చాలు. యూరప్‌లో అలా ఇవ్వరు. ఏ2 అని ఒక మెట్టు ఉంది, ఇరవై నాలుగేళ్ళు నిండనివాళ్ళకి 35 కిలోవాట్లు మించని బండి లైసెన్సు రెండేళ్ళు ఉన్నాకే పెద్దదానికి పరీక్షకో, ట్రైనింగ్‌కో రానిస్తారు. 35 కిలోవాట్లంటే 47.6 పీఎస్. అప్రిలియా ఆర్‌ఎస్ 457 పవర్ కూడా సరిగ్గా అంతే ఉండటానికి కారణం అదే. మన ప్రభుత్వం గీత గీసింది 350 సీసీ దగ్గర, అదీ పన్నుల కోసం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత దాటిన కొత్త బండికి జీఎస్టీ 40 శాతం, లోపలైతే 18. 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా గీత దాటిన బళ్ళన్నిటికీ ఒకటే, ఏడాదికి 2,804 రూపాయలు. అంటే 457కీ లీటర్ బండికీ తేడా ఉందని వాళ్ళ లెక్కలో లేదు. ఆ మెట్టు నీకు నువ్వే పెట్టుకోవాలి.

నువ్వు అడిగిన రెండింట్లో అయితే నా ఓటు 650కి. అడగకపోయినా చెప్తున్నా, అసలు ఓటు ఆ 457 లాంటి రెండు సిలిండర్ల బండికి. 175 కిలోల బండి, పవర్ ఇప్పుడున్న దానికి రెండున్నర రెట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి నడపగలిగిన బండి మీదే మనిషి నేర్చుకుంటాడు. లీటర్ బండి మీద ఏళ్ళు గడిచినా పావు వంతు తిప్పే మనుషులే నాకు కనిపించారు, మిగతా ముప్పావూ వాళ్ళకి తెలియదు. 457 లాంటిది ఒకటి రెండేళ్ళు నడిపాక నీకే తెలుస్తుంది, ఇంకా కావాలా వద్దా అని. కావాలంటే అప్పుడు నేను అడ్డు చెప్పను.

ఖర్చు సంగతి. కొనేటప్పుడు సగం ధరకి వచ్చిన లీటర్ బండి, తర్వాత ఖర్చు దగ్గర సగం ధర బండి కాదు. వెనక టైరు 190 సైజు, జత ముప్పై వేలు దాటుతుంది. మెత్తటి రబ్బరైతే ఐదారు వేల కిలోమీటర్లకే నున్నగా అవుతుంది. 650కి వెనక 160. 2018 బండంటే ఇ-20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) రాకముందు తయారైంది, పైపులు, సీళ్ళు చూసుకుంటూ ఉండాలి. వేడి మాట చెప్పనక్కర్లేదు. మే నెలలో నెల్లూరు మినీ బైపాస్ ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాను తిరిగితే గాలంతా నీ తొడల మీదికే.

వేగం చూడాలనే కోరిక ఉంటే ఇంకో దారి ఉంది. మీ చెన్నై పక్కనే, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. అక్కడ ట్రాక్ డేలు, ట్రైనింగ్ క్లాసులు జరుగుతుంటాయి. బండి కన్నా ముందు దానికి డబ్బు పెట్టు, వెళ్తానంటే సగం నేనిస్తా. లెదర్ సూట్ అద్దెకి దొరుకుతుందేమో కనుక్కో. గేదెలు లేని రోడ్డు మీద ఆర్15నే పూర్తిగా తిప్పి చూడు, నీకెంత బండి కావాలో నా ఉత్తరం కన్నా అదే బాగా చెప్తుంది.

ఇంత రాశాక కూడా ఆ జెడ్‌ఎక్స్-10ఆరే కావాలంటే సరే, డబ్బు నీది. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ఇవి చూడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని. ఆయిల్ బోల్టుకి సన్నని రంధ్రం ఉంటే తీగె కట్టి రేసులో తిప్పారని అర్థం. హ్యాండిల్ కొసలు, లివర్ల చివర్లు గీసుకుపోయాయా, స్టీరింగ్ స్టాపర్ దగ్గర దెబ్బ ఉందా చూడు. కర్ణాటక బండి కాబట్టి ఎన్‌ఓసీ తెచ్చుకుని, తమిళనాడులో మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఆ మొత్తాన్ని కూడా బండి ధరలో కలిపి లెక్క వెయ్యి. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు కాగితం అడుగు. సి బుక్ ఫొటో, ఛాసిస్ నంబరు నాకు వాట్సాప్ చెయ్యి, వాళ్ళు తొందరపెట్టినా నేను ఫోన్ చేసేదాకా డబ్బు పంపొద్దు.

వచ్చే నెల వస్తానన్నావు కదా, శనివారం రా. షెడ్డు మూసేసి ఇద్దరం షోరూములు రెండు మూడు తిరుగుదాం. టెస్ట్ రైడ్‌కి లైసెన్సు ఒరిజినల్, నీ హెల్మెట్ మర్చిపోకు.

మీ నాన్న