అమ్ముతామన్న రైతు దగ్గర కొనడానికి అడ్డేమిటి?

సంపాదకుడు గారికి,

కొండపల్లి అడవిని ఆనుకొని ఉన్న పట్టా భూములను, అమ్మడానికి ఇష్టపడిన రైతుల దగ్గర కొని రిజర్వు ఫారెస్టులో కలపాలని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. దానికి మరొకరు ‘ఇది రైతు నోటి దగ్గర కూడు లాక్కోవడమే’ అని విరుచుకుపడ్డారు. ఆ మాట చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కృష్ణకు అవతల 29 గ్రామాల రైతులు రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చి, తర్వాత ఏళ్ల తరబడి రోడ్డున కూర్చోవడం అందరం చూశాం. కానీ ప్రభుత్వం చట్టంతో తీసుకునే సేకరణ వేరు, రాజధానికి చేసిన సమీకరణ వేరు, కొనుగోలు వేరు. కొనుగోలులో బలవంతం ఉండదు. ధర నచ్చితే రైతు రిజిస్ట్రేషన్‌కు వస్తాడు, నచ్చకపోతే తన పొలం తాను దున్నుకుంటాడు. అమెరికాలో 1911 నాటి వీక్స్ చట్టంతో, చెట్లు నరికేసిన కొండలను, నదులు పుట్టే చోట్లను ప్రభుత్వమే కొని జాతీయ అడవులుగా పెంచింది. అంత దూరం ఎందుకు? కేరళలోని వయనాడ్‌లో తిరునెల్లి-కుద్రకోట్ ఏనుగుల దారిలో ఒక సంస్థ భూములు కొని, అక్కడి కుటుంబాలకు వేరే చోట ఇళ్లు కట్టించి, ఆ నేలను అటవీ శాఖకు అప్పగించింది.

ఇక్కడ గుట్ట కింద పొలం అమ్మకానికి వస్తే కొనేది ఎవరు? గ్రావెల్ వ్యాపారులు, లేదంటే వెంచర్ల వారు. పట్టా భూమిలో తవ్వకానికి అనుమతి తెచ్చుకుంటారు, కొన్నాళ్లకు పొక్లెయిన్ హద్దు రాయి దాటుతుంది. అప్పుడు అటవీ శాఖ రెవెన్యూను చూపిస్తుంది, రెవెన్యూ గనుల శాఖను చూపిస్తుంది, ఉమ్మడి సర్వే జరగాలంటారు. ఈలోగా గుట్టే ఉండదు. ఇక్కడి అక్రమ తవ్వకాల గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అయినా సిగ్గు లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి, విజయవాడ సింగ్‌నగర్ వాసులు మేడల మీద కూర్చుని అన్నం పొట్లాల కోసం ఎదురుచూశారు. ఆ బుడమేరు మైలవరం వైపు కొండల నీళ్లు మోసుకొచ్చేదే. చెట్లుంటే వరదే రాదని నేను అనను. కానీ బోడి గుట్ట మీద పడిన వాన, అడవి మీద పడిన వాన ఒకే వేగంతో కిందికి దిగవు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర దొరక్క బొమ్మల కాలనీ కళాకారులు పడుతున్న అవస్థ వేరే చెప్పాలా?

డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. ప్రాజెక్టులకు అటవీ భూమి ఇచ్చినప్పుడు బదులుగా వేరే భూమి చూపించాలన్న నియమం ఉంది. అది వీలైనంత వరకు ఉన్న అడవిని ఆనుకొని ఉండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎక్కడో మూలనున్న రాళ్ల నేల చూపించి చేతులు దులుపుకోనివ్వకుండా, ఆ ప్రాజెక్టులు కట్టే సంస్థల చేత ఇబ్రహీంపట్నం, జి.కొండూరు మండలాల్లో మార్కెట్ ధరకు కొనిపించవచ్చు. అడిగే అధికారి ఉండాలి కదా! వనమహోత్సవం నాడు మొక్క పట్టుకొని ఫొటో దిగడానికి మాత్రం అందరూ వస్తారు. మా వీధిలో కరెంటు తీగల పేరుతో నీడనిచ్చే వేపచెట్లను మోడు చేసినప్పుడు ఒక్కరూ రాలేదు.

కొన్న భూమిని 1967 అటవీ చట్టం 15వ సెక్షన్ కింద వెంటనే రిజర్వు ఫారెస్టుగా ప్రకటించాలి. లేకపోతే రేపు మరో ప్రభుత్వం దాన్ని ఇంకెవరికో ధారాదత్తం చేస్తుంది. ఎసైన్డ్ భూములున్న పేదలను ఈ పేరుతో కదిలించకూడదు. పట్టాదారు అమ్ముకుంటే ఆ పొలాన్నే నమ్ముకున్న కౌలు రైతుకు కూడా పరిహారం ఇవ్వాలి. ముందుగా హద్దు వెంట ఉన్న సర్వే నంబర్ల జాబితాను ఆయా గ్రామ సచివాలయాల్లో అతికించి, అమ్మదలచినవారు ఎవరో అడగండి.

— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ