టెర్మినల్‌లో నడిపిన గ్రాఫు ఎక్కడికి పోతుంది?

నల్లగొండ

ప్రియమైన శ్రీనివాస్‌కు,

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఆర్‌స్టూడియోలో నడిపితే చక్కగా కనిపించే గ్రాఫు, అదే ఫైలును టెర్మినల్‌లో ఆర్‌స్క్రిప్ట్ కమాండ్‌తో నడిపితే ఎందుకు కనిపించడం లేదని, కనీసం ఎర్రర్ అయినా ఎందుకు రావడం లేదని అడిగావు. గ్రాఫు గీయడంలో లోపమేమీ జరగలేదు కాబట్టే ఎర్రర్ రాలేదు. నువ్వు కమాండ్ ఇచ్చిన ఫోల్డర్‌లోనే వెతికి చూడు, ఆర్‌ప్లాట్స్.పీడీఎఫ్ (Rplots.pdf) అనే ఫైలు నీకు మాటైనా చెప్పకుండా వచ్చి కూర్చుని ఉంటుంది.

ఆర్ మొదలవుతూనే తన ఎదుట మనిషి ఉన్నాడా లేడా అన్నది తేల్చుకుంటుంది. స్క్రిప్టులో ఇంటరాక్టివ్() అని అడిగి చూస్తే ఫాల్స్ అనే జవాబు వస్తుంది. చూసేవాడు లేనప్పుడు విండో తెరిచి లాభం లేదు గనుక, ఏడంగుళాల పొడవు, ఏడంగుళాల వెడల్పు ఉన్న పీడీఎఫ్ పేజీ మీద బొమ్మ గీసి పెడుతుంది. ఒకే ఫోల్డర్‌లో రెండు స్క్రిప్టులు నడిపితే రెండోది మొదటిదాని ఫైలును చెరిపేస్తుంది. చెప్పిన వేళకు పనులను తానే నడిపే క్రాన్‌లో పెట్టి రాత్రిపూట నడిపితే ఆ ఫైలు మామూలుగా హోమ్ ఫోల్డర్‌లో తేలుతుంది, నువ్వేమో స్క్రిప్టు ఉన్నచోట వెతుకుతూ ఉంటావు.

విండోయే కావాలంటే లైనక్స్‌లో ఎక్స్11(), మాక్‌లో క్వార్ట్జ్(), విండోస్‌లో విండోస్() అని ముందుగా పిలవాలి. పిలిస్తే విండో తెరుచుకుంటుంది గానీ, నువ్వు చూసేలోపే మాయమవుతుంది. ఆ విండో ఆర్ ప్రాసెస్‌కు చెందినది కనుక, స్క్రిప్టు చివరి వరుస దాటి ప్రాసెస్ ముగిసిందంటే, టీవీ కట్టేస్తే బొమ్మ పోయినట్టే అదీ పోతుంది. చాలామంది ఇక్కడ రీడ్‌లైన్() పెట్టి ఎంటర్ కోసం ఆపాలని చూస్తారు, కానీ ఎదుట మనిషి లేడనుకున్న ఆర్ ఆ వరుస దగ్గర క్షణమైనా ఆగదు, ఖాళీ జవాబు తీసుకుని ముందుకు పోతుంది. రీడ్‌లైన్స్(ఫైల్("ఎస్‌టీడీఇన్"), 1) అని రాస్తే మాత్రం నిజంగానే ఆగుతుంది. నాకు ఇంతకంటే నచ్చిన పద్ధతి ఇంకొకటుంది: తెరిచి ఉన్న విండోల జాబితా ఇచ్చే డెవ్.లిస్ట్() నల్ (ఖాళీ) కానంతసేపూ సిస్.స్లీప్(1)తో ఒక్కో సెకను ఆగుతూ ఉండమని ఒక వైల్ లూప్ రాస్తే, నువ్వు విండో మూసినప్పుడే స్క్రిప్టు ముగుస్తుంది, టెర్మినల్ వైపు తిరిగి చూడాల్సిన పని ఉండదు.

అయినా నీ పనికి విండో వెంట పడవద్దనే నేను చెబుతాను. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లెక్కలను మండలానికొక గ్రాఫుగా గీసి, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర ఒక గీత, వేరే నీటి వనరు లేనప్పుడు మన దేశ ప్రమాణం ఒప్పుకునే 1.5 దగ్గర ఇంకో గీత పెడుతున్నానన్నావు కదా, అన్ని గ్రాఫులను ఒక్కొక్కటిగా విండోలో తెరిచి మూస్తూ ఎవరు కూర్చుంటారు? ప్రతి మండలానికీ దాని పేరుతోనే పీఎన్‌జీ() తెరిచి, గీసి, డెవ్.ఆఫ్()తో మూసెయ్యి. కొలతలు చెప్పకపోతే 480 పిక్సెళ్ల చదరమే వస్తుంది, అది అచ్చుకు పనికిరాదు, కాబట్టి వెడల్పు, ఎత్తు ఇచ్చి, యూనిట్స్ అంగుళాలని, రెస్ (అంగుళానికి పిక్సెళ్లు) 300 అని తప్పకుండా రాయి. లూప్ బయట మూసినప్పుడు టెర్మినల్‌లో "నల్ డివైజ్ 1" అని కనిపిస్తే కంగారు పడకు, డివైజ్‌లన్నీ, అంటే బొమ్మ గీసే విండోలూ ఫైళ్లూ అన్నీ, మూసుకున్నాయన్నదే దాని అర్థం. గ్రాఫులు గీసే జీజీప్లాట్ ప్యాకేజీ వాడుతున్నట్లయితే ఫర్ లూప్ లోపల ప్రింట్() తప్పనిసరి, లేకపోతే ఖాళీ ఫైళ్లు వస్తాయి, లేదా అసలే రావు.

గ్రాఫు మీద మర్రిగూడ, చండూరు, నాంపల్లి అని తెలుగులోనే రాయాలనుకుంటే మామూలు పీడీఎఫ్()ను నమ్ముకోవద్దు, అక్షరాలకు బదులు చుక్కలు వచ్చి, కన్వర్షన్ ఫెయిల్యూర్ అనే హెచ్చరికలు వరుసగా పడతాయి. లైనక్స్‌లో కైరో_పీడీఎఫ్() వాడి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ సిస్టంలో ఉంచుకుంటే మర్రిగూడలోని "ర్రి" కూడా సరిగ్గా కూర్చుంటుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను కైరోనే వాడుతుంటాను.

ఆఫీసు సర్వర్ మీద నడిపినప్పుడు ఎక్స్11 డిస్‌ప్లేకు కనెక్షన్ దొరకలేదనే ఎర్రర్ వచ్చిందన్నావు, ఆ యంత్రానికి తెర లేదు కదా మరి. పీఎన్‌జీ()లో టైప్ "కైరో" అని ఇస్తే డిస్‌ప్లే అవసరమే పడదు. ముందు ఒక్క మండలంతో నడిపి చూసి, వచ్చిన ఫైలును నాకు పంపించు.

నీ మిత్రుడు,
రమేష్